ఎముకలో రాచపుండు ఎట్లా ప్రాకుతుంది?

మన శరీరంలో మిక్కిలి గట్టిగా ఉండి, మరణానంతరం చాలాకాలం నిలిచేది అస్థిపంజరం. మాంసం, చర్మం మట్టిలో కలిసిపోయిన తరువాత కూడా ఎముక మిగులుతుంది. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలో, ప్రాణహిత లోయ ప్రాంతంలోని యామన్‌పల్లి దగ్గర బయటపడిన రాక్షసిబల్లి ఎముకలు ఇందుకు నిదర్శనం. జురాసిక్ యుగంలో జీవించిన ఆ శాకాహార జంతువుకు 1988లో 'కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్' అని నామకరణం చేశారు. ఆ గ్రామం నేడు మంచిర్యాల జిల్లాలో ఉన్నది. పలు జంతువుల ఎముకలను కూర్చి నిలబెట్టిన దాని అస్థిపంజరాన్ని హైదరాబాదులోని బిర్లా విజ్ఞాన ప్రదర్శనశాలలో చూడవచ్చు.

ఇట్లాంటి శిలాజాలే ఎముకల వ్యాధుల చరిత్రను కూడా మనకు తెలుపుతున్నవి. కెనడా దేశంలోని ఆల్బర్టా రాష్ట్రంలో 1989లో మరొక జాతి రాక్షసిబల్లి కాలి ఎముక ఒకటి దొరికింది. అది సుమారు 7 కోట్ల 60 లక్షల సంవత్సరాల నాటిది. దాని ఒక కొన ఉబ్బి, వికృతంగా ఉన్నది. ఎముక ఎప్పుడో విరిగి తిరిగి అతుక్కున్నదనీ, ఆ ఉబ్బు అతుకు తాలూకుదేననీ చాలాకాలం అనుకున్నారు. తరువాత దానిని పలుచని పొరలుగా కోసి, సూక్ష్మదర్శినిలో పరీక్షించి, అదే వ్యాధి గల మనిషి ఎముకతో పోల్చి చూశారు. అది విరిగి అతికిన ఎముక కాదు, ఎముకలో పుట్టిన రాచపుండు అని 2020లో వైద్యులు, శిలాజ శాస్త్రజ్ఞులు కలిసి ప్రకటించారు.

దెబ్బ అని అనుకున్నది రాచపుండుగా తేలడం శిలాజాలకే పరిమితమైన విషయం కాదు. పదమూడేండ్ల పిల్లవానికి మోకాలిపైన నొప్పి, వాపు కనబడితే ఆటలో బెణికిందని మర్దన చేయడం, పసరు కట్టు కట్టించడం పల్లెల్లో సాధారణం. చాలామందికి అది నిజంగా బెణుకే అయి తగ్గిపోతుంది కూడా. కాని కొద్దిమందిలో అది బెణుకు కాదు. అట్లాంటప్పుడు కట్టు కింద గడిచిపోయే వారాలలో ఎముక లోపల ఏమి జరుగుతున్నదో తెలిస్తే, ఆ కాలం ఎంత విలువైనదో కూడా తెలుస్తుంది.

ఎముక ప్రాణం లేనిది కాదు

ఎండిన ఎముకను చూసి, బ్రతికి ఉన్న ఎముక కూడా రాయి వంటిదే అనుకోవడం సహజం. వాస్తవానికి అది ఎల్లప్పుడూ కూల్చబడుతూ, మళ్ళీ కట్టబడుతూ ఉండే ఇల్లు వంటిది. తొడ ఎముక కొనను నిలువుగా కోసి చూస్తే లోపల సన్నని పుల్లలు అల్లుకొని, కరీంనగరు వెండితీగ పనిలాగా కనిపిస్తుంది. ఆ అల్లికలోని ఖాళీలలో మూలుగ ఉంటుంది. పుల్లల మీద రెండు రకాల కణాలు పని చేస్తుంటవి. ఒక రకం కణాలు పాతబడిన ఎముకను ఆమ్లంతోను, ఎంజైములతోను కరిగిస్తవి. రెండవ రకం కణాలు ఆ గుంటలో కొత్త ఎముకను పోస్తవి. ఒకచోట కరిగించడం కొద్ది వారాల పని. దానిని తిరిగి పూడ్చడానికి కొన్ని నెలలు పడుతుంది. పెద్దవారి అస్థిపంజరంలో ఏడాదికి సుమారు పదోవంతు ఈ విధంగా కొత్తదవుతుంది.

కరిగించే కణాలు ఎక్కువగా పనిచేస్తే ఎముక గుల్లబారుతుంది. కట్టే కణాలు మితిమీరితే గడ్డ కడుతుంది. రెంటికీ సమతూకం కుదరాలంటే అవి ఒకదానికొకటి కబురు పంపుకోవాలి. ఈ కబుర్లనే శాస్త్రజ్ఞులు జీవకణ సంకేతాలు అంటారు.

కణాలు కబురు పంపే విధం

ఊరిలో డప్పు చాటింపు వేసినప్పుడు ఆ శబ్దం అందరి చెవినా పడుతుంది. ఐనా ఎవరిని ఉద్దేశించిన చాటింపో వారే కదులుతారు. జీవకణాల విషయమూ ఇంతే. ఒక కణం చిన్న మాంసకృత్తును బయటికి వదలుతుంది. అది చుట్టుపక్కల అన్ని కణాలనూ తాకుతుంది. కాని దానికి సరిపోయే గ్రాహకం ఏ కణం ఉపరితలం మీద ఉన్నదో ఆ కణమే దానిని గ్రహించగలదు. తాళపు చెవి తాళంలో ఇమిడినట్లు సంకేతం గ్రాహకంలో ఇముడుతుంది.

ఎముకలో ముఖ్యమైన సంకేతం ఒకటి 1998లో స్పష్టమైంది. దానిపేరు ర్యాంక్-ఎల్. ఎముకను కట్టే కుటుంబానికి చెందిన కణాలు దీనిని తయారు చేస్తవి. మూలుగలో పుట్టే కొన్ని కణాల మీద దీని గ్రాహకం ఉంటుంది. ర్యాంక్-ఎల్ అందగానే ఆ కణాలు ఒకదానితో ఒకటి కలిసిపోయి, ఎముకను కరిగించే పెద్ద కణాలుగా మారతవి. అంటే ఫలానాచోట కూల్చండి అనే ఆజ్ఞ కట్టే మేస్త్రీల నుంచే వస్తుందన్నమాట. ఆ ఆజ్ఞ మితిమీరకుండా కట్టే కణాలే మరొక మాంసకృత్తును కూడా వదలుతవి. అది మారువేషపు గ్రాహకం వంటిది. ర్యాంక్-ఎల్ ను దారిలోనే పట్టుకొని, అసలు గ్రాహకానికి అందకుండా చేస్తుంది. ఈ రెంటి పాళ్ళను బట్టి ఎముక పెరగడమో తరగడమో నిర్ణయమవుతుంది.

సుబ్బారావు కనుగొన్న ఫాస్ఫేటు

గ్రాహకం కణం తలుపు దగ్గర ఉంటుంది. వార్త చేరవలసిన కేంద్రకం లోపల ఉంటుంది. ఈ మధ్యదూరాన్ని సంకేతం ఎట్లా దాటుతుంది? ఇక్కడ ఒక తెలుగు శాస్త్రజ్ఞుని పేరు తలచుకోవాలి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1923లో అమెరికా చేరి, హార్వర్డు వైద్యకళాశాలలో ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి పనిచేశాడు. శరీర ద్రవాలలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని వారు 1925లో ప్రకటించారు. ఆ పద్ధతి సహాయంతోనే కండరాలలోని భాస్వర పదార్థాలను వెదకుతూ 1929లో ఎ.టి.పి. అనే పదార్థాన్ని వేరుచేశారు. అదే సంవత్సరం జర్మనీలో లోమన్ కూడా దానిని స్వతంత్రంగా కనుగొన్నాడు.

ఎ.టి.పి. అణువుకు మూడు ఫాస్ఫేటులు వరుసగా తగిలి ఉంటవి. చివరి ఫాస్ఫేటు ఊడితే శక్తి విడుదలవుతుందని పాఠశాలలో చదువుకున్నాము. దానికి మరొక ఉపయోగం కూడా ఉన్నది. ఆ ఊడిన ఫాస్ఫేటును తీసుకొని ఒక మాంసకృత్తుకు అతికిస్తే దాని ఆకారం కొద్దిగా మారుతుంది, నిద్రపోతున్నది మేలుకుంటుంది. ఫాస్ఫేటును తీసివేస్తే మళ్ళీ నిద్రపోతుంది. ఇట్లా అతికించే ఎంజైములను కైనేజులు అంటారు. ఈ మార్గాన్ని 1955 ప్రాంతంలో కనుగొన్న ఫిషర్, క్రెబ్స్ అనే శాస్త్రజ్ఞులకు 1992లో నోబెల్ బహుమతి లభించింది. మనిషి శరీరంలో 500కు పైగా కైనేజులు ఉన్నవి.

సంకేతం గ్రాహకానికి తగలగానే లోపలివైపు ఒక కైనేజు మేలుకొంటుంది. అది రెండవదానికి ఫాస్ఫేటు అతికించి లేపుతుంది. రెండవది మూడవదానిని లేపుతుంది. ఈ విధంగా చేతులు మారుతూ వార్త కేంద్రకానికి చేరి, 'విభజన చెందు', 'కదులు', 'ఆగు', 'చనిపో' అనే ఆజ్ఞలలో ఏదో ఒకటిగా అమలు జరుగుతుంది. పని పూర్తికాగానే ఫాస్ఫేటులు తొలగి, కణం మళ్ళీ శాంతిస్తుంది. ఆరోగ్యమంటే ఈ మేలుకోవడమూ, శాంతించడమూ సకాలంలో జరగడమే.

రాచపుండు కొత్త భాష నేర్వదు

ఎముకలోనే పుట్టే రాచపుళ్ళలో ముఖ్యమైనది ఆస్టియోసార్కోమా. ఇది అరుదైన వ్యాధి. పది లక్షల జనాభాలో ఏడాదికి ముగ్గురు నలుగురికి మాత్రమే వస్తుంది. ఐతే వచ్చేది ఎక్కువగా పది నుంచి ఇరవై ఏండ్ల లోపు పిల్లలకు. అందులోనూ మోకాలికి పైనున్న తొడ ఎముక కొనలోను, మోకాలికి దిగువ ఎముక పై కొనలోను, భుజం దగ్గరా ఎక్కువ. మనిషి పొడుగు పెరిగేటప్పుడు మిక్కిలి వేగంగా పెరిగే స్థలాలు ఇవే. పెరుగుదల సంకేతాలు ఎక్కడ జోరుగా నడుస్తున్నవో అక్కడే ఈ వ్యాధి తలయెత్తడం గమనించదగిన విషయం.

ప్రతి కణంలోను విభజనను అదుపుచేసే కాపలా మాంసకృత్తులు కొన్ని ఉంటవి. పి-53 అనేది వాటిలో ఒకటి. కణం జన్యుపదార్థం చెడినప్పుడు అది విభజనను ఆపివేస్తుంది, లేదా కణాన్ని చావమంటుంది. ఎముకను కట్టే కుటుంబపు కణంలో ఈ కాపలా చెడితే, ఆ కణం అదుపు తప్పి పెరగడం మొదలుపెడుతుంది. పడడం వల్ల, దెబ్బ తగలడం వల్ల ఈ వ్యాధి వస్తుందన్నదానికి ఆధారం లేదు. దెబ్బ తగిలిన తరువాత చూసుకోవడం వల్ల అప్పటికే ఉన్న గడ్డ బయటపడుతుంది, అంతే. ఇది ఒకరి నుంచి మరొకరికి అంటుకునేదీ కాదు.

అదుపు తప్పిన కణం కొత్త భాషను సృష్టించుకోదు. ఎముక రోజూ మాట్లాడే భాషనే తన అవసరానికి వాడుకుంటుంది. అది ర్యాంక్-ఎల్ వంటి సంకేతాలను ఎడతెగక వదలుతుంది. కరిగించే కణాలు అది న్యాయమైన ఆజ్ఞ అనుకొని చుట్టూ ఎముకను కరిగిస్తవి. ఎముకను కట్టేటప్పుడు అందులో టి.జి.ఎఫ్.-బీటా, ఇన్సులిను వంటి పెరుగుదల కారకాలు మొదలైన పదార్థాలు దాచబడి ఉంటవి. ఎముక కరిగినప్పుడు, పాతర తవ్వినప్పుడు ధాన్యం బయటపడినట్లు, అవి బయటికి వస్తవి. వాటికి గ్రాహకాలు రాచపుండు కణాల మీద సిద్ధంగా ఉంటవి. అవి అందుకొని గడ్డ మరింత పెరుగుతుంది. పెరిగిన గడ్డ మరిన్ని సంకేతాలను వదలుతుంది. మరింత ఎముక కరుగుతుంది. దీనినే శాస్త్రజ్ఞులు విషవలయం అంటారు. రాత్రివేళ నిద్రలేపే నొప్పికి, చిన్న తాకిడికే ఎముక విరగడానికి మూలం ఇక్కడే ఉన్నది.

మోకాలి నుంచి ఊపిరితిత్తులకు

గడ్డ మోకాలి దగ్గరనే ఉండిపోతే దానిని తొలగించి రోగిని కాపాడడం అంత కష్టం కాదు. ప్రమాదం అది కదలడంలో ఉన్నది. ఈ ప్రయాణంలో ప్రతి మజిలీకి ఒక సంకేతం ఉన్నది.

గడ్డ పెరిగేకొద్దీ దాని నడుమనున్న కణాలకు ప్రాణవాయువు చాలదు. అప్పుడవి వి.ఇ.జి.ఎఫ్. అనే సంకేతాన్ని వదలి, దగ్గరలోని రక్తనాళాలను తమవైపు కొమ్మలు వేయమంటవి. గాయం మానేటప్పుడు శరీరం వాడే సంకేతమే ఇది. తొందరలో పుట్టిన ఈ నాళాల గోడలు సరిగా అతికి ఉండవు. ఇంకొకవైపు టి.జి.ఎఫ్.-బీటా వంటి సంకేతాలు కణాల కదలికను పెంచుతవి. ఇట్లా కదలిక వచ్చిన కణాలు చుట్టూ ఉన్న పదార్థాన్ని ఎంజైములతో కరిగించి, ఆ బలహీనమైన గోడలను దాటి రక్తంలో పడుతవి.

కాలి నుంచి బయలుదేరిన చెడురక్తం గుండె కుడిభాగానికి చేరి, అక్కడి నుంచి ఊపిరితిత్తులకు పోతుంది. అక్కడి అతి సన్నని కేశనాళికలే ఈ దారిలో మొదటి జల్లెడ. ఆస్టియోసార్కోమా అన్నింటికన్నా ఎక్కువగా ఊపిరితిత్తులలో తేలడానికి ఇది ఒక కారణం.

ఐతే చిక్కుకున్న కణాలన్నీ బ్రతకవు. ఊపిరితిత్తుల కణాలు అన్యకణాలకు 'చనిపో' అనే సంకేతం అందిస్తవి. దానిని గ్రహించే గ్రాహకం పేరు ఫాస్. ఆ గ్రాహకం ఉన్న కణాలు అక్కడే నశిస్తవి. దానిని పోగొట్టుకున్న కణాలు ఆ ఆజ్ఞ వినబడక బ్రతికిపోతవి. ఎలుకలపై చేసిన ప్రయోగాలలో ఇది తేటతెల్లమైంది. అంటే ఆజ్ఞలను వినడం ద్వారానే కాక, వినకపోవడం ద్వారా కూడా రాచపుండు వ్యాపిస్తుంది.

విత్తనము, నేల

మన ప్రాంతంలో పెద్దవారి ఎముకలలో కనబడే రాచపుళ్ళు చాలావరకు ఎముకలో పుట్టినవి కావు. రొమ్ములోనో, ప్రోస్టేటు గ్రంథిలోనో, ఊపిరితిత్తులలోనో పుట్టి ఎముకకు వలస వచ్చినవి. రక్తం అన్ని అవయవాలకూ పోతున్నప్పుడు ఎముకలనే ఇవి ఎందుకు ఎన్నుకుంటవి? లండనులోని స్టీఫెన్ పాజెట్ అనే శస్త్రవైద్యుడు 1889లో ఈ ప్రశ్న వేసి, రొమ్ము రాచపుండుతో చనిపోయిన 700కు పైగా స్త్రీల శవపరీక్షల వివరాలను పరిశీలించాడు. విత్తనం గాలికి నలుదిక్కులా పోతుంది, కాని అనుకూలమైన నేల మీద పడినదే మొలకెత్తుతుందని ఆయన నిర్ణయించాడు.

ఆదిలాబాదు రైతుకు దీనిని వివరించి చెప్పనక్కరలేదు. నల్లరేగడిలో వచ్చే పత్తికి, రాతిచెల్కలో వచ్చే పత్తికి గల తేడా ఆయన ఎరిగినదే. పాజెట్ కాలంలో ఆ నేల సారం ఏమిటో తెలియలేదు. ఇప్పుడు తెలిసింది. ఎముకలో దాచబడి ఉన్న పెరుగుదల కారకాలే ఆ సారం. రొమ్మునుంచి వచ్చిన కణం పారాథైరాయిడు హార్మోనును పోలిన ఒక సంకేతాన్ని వదలుతుంది. దానితో కట్టే కణాలు ర్యాంక్-ఎల్ ను ఎక్కువగా తయారు చేస్తవి. ఇక పైన చెప్పిన విషవలయం తిరగడం మొదలవుతుంది. పిల్లవాని మోకాలిలో పుట్టిన గడ్డకు, పెద్దావిడ వెన్నులో దిగిన గడ్డకు పుట్టుక వేరు. కాని ఎముకతో అవి మాట్లాడే భాష మాత్రం ఒకటే.

కబురును అడ్డగించడం

సంకేతం తెలిసిన తరువాత దానిని అడ్డగించే ఉపాయం కూడా దొరుకుతుంది. ర్యాంక్-ఎల్ ను పట్టుకొని బంధించే డెనోసుమాబ్ అనే మందు 2010 నుంచి వాడుకలోకి వచ్చింది. రొమ్ము, ప్రోస్టేటు రాచపుళ్ళు ఎముకకు దిగినప్పుడు ఎముకలు విరగకుండా ఇది చాలావరకు కాపాడుతుంది. ఎముకలో పుట్టే రాక్షసకణపు గడ్డకు కూడా ఇది ఉపయోగపడుతున్నది. కైనేజులను అడ్డగించే రెగోరాఫెనిబ్ వంటి మందులు, ప్రాకిన ఆస్టియోసార్కోమా పెరుగుదలను కొన్ని నెలలపాటు ఆపగలవని 2019లో ప్రకటితమైన పరిశీలనలు తెలిపినవి.

కాని విజయం అన్నిచోట్లా రాలేదు. ఎముక కరగడాన్ని ఆపే జోలెడ్రోనిక్ ఆమ్లాన్ని ఆస్టియోసార్కోమా చికిత్సకు చేర్చి ఫ్రాన్సులో పరిశీలించగా, దానివల్ల అదనపు ప్రయోజనం లేదని 2016లో తేలింది. ఒక దారి మూస్తే రాచపుండు కణం మరొక దారి వెదుక్కుంటుంది.

అందువల్ల నేటికీ ఆస్టియోసార్కోమా చికిత్సకు వెన్నెముక శస్త్రచికిత్స, దానికి ముందూ వెనుకా ఇచ్చే పాతమందులే. వాటిలో ముఖ్యమైనది మెథోట్రెక్సేటు. దీనితో కూడా సుబ్బారావుకు సంబంధం ఉన్నది. 1940లో ఆయన లెడర్లీ పరిశోధనాలయంలో చేరిన తరువాత ఆయన నాయకత్వాన అక్కడివారు ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేశారు. దానికి వ్యతిరేకంగా పనిచేసే పదార్థాలను కూడా రూపొందించారు. కణం విభజన చెందడానికి ఫోలిక్ ఆమ్లం అవసరం. దాని వేషంలో వచ్చే మెథోట్రెక్సేటు ఆ పనిని అడ్డుకుంటుంది. సుబ్బారావు 1948లో మరణించాడు. ఆ మందును చాలా పెద్ద మోతాదులో ఇచ్చి, వెంటనే విరుగుడుతో ఆరోగ్యకణాలను కాపాడే పద్ధతిని 1970 తరువాత అమెరికాలో ఎముక రాచపుండుకు అన్వయించారు.

అంతకుముందు కాలు తీసివేసినా, ఐదుగురిలో నలుగురికి కొద్దికాలంలోనే ఊపిరితిత్తులలో గడ్డలు తేలేవి. కాలు తీసేనాటికే కంటికి, ఎక్స్‌రేకు కనబడని కణాలు ప్రయాణం చేసి ఉన్నవని దీని అర్థం. నేడు శస్త్రచికిత్సకు మందులు తోడైనందువల్ల, వ్యాధి మోకాలు దాటినట్లు కనబడని రోగులలో పదిమందికి ఆరేడుగురు మంచి వైద్యకేంద్రాలలో బ్రతుకుతున్నారు. చాలామందికి కాలు తీయవలసిన అవసరం కూడా ఉండడం లేదు. చెడిన ఎముకను తీసి, దానిస్థానంలో లోహపు ఎముకను అమరుస్తున్నారు. ఊపిరితిత్తులలో గడ్డలు కనబడిన తరువాత వస్తే, పదిమందిలో ఇద్దరు ముగ్గురికి మించి దక్కడం కష్టం.

చేయవలసిన పని

ఎదిగే పిల్లలకు మోకాలి దగ్గరగాని, భుజం దగ్గరగాని ఒకే ఎముకలో నొప్పి రెండు మూడు వారాలు దాటి ఉంటే, రాత్రిళ్ళు ఎక్కువైతే, వాపు తగ్గక పెరుగుతుంటే, చిన్న తాకిడికే ఎముక విరిగితే, మర్దన మానాలి, పసరు కట్టు విప్పాలి, ఎక్స్‌రే తీయించాలి. ఇది ఖర్చుతో కూడిన పరీక్ష కాదు. ఆదిలాబాదులో 2008 నుంచి ప్రభుత్వ వైద్యకళాశాల ఉన్నది. కరీంనగరు, మంచిర్యాల, జగిత్యాల, రామగుండంలలో కూడా ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి.

ఎక్స్‌రేలో అనుమానం కలిగితే, గడ్డలోనుంచి ముక్కతీసే పరీక్షను తొందరపడి ఎక్కడపడితే అక్కడ చేయించరాదు. సూది వెళ్ళిన దారిలో కణాలు చెదరవచ్చును. చివరి శస్త్రచికిత్స ఎక్కడ జరుగుతుందో అక్కడే, ఆ వైద్యుల సలహాతోనే ఆ పరీక్ష జరగాలి. హైదరాబాదులో 1955లో స్థాపించిన మెహదీ నవాజ్ జంగ్ కేన్సరు ఆస్పత్రి ప్రభుత్వ వైద్యకేంద్రం. కరీంనగరు నుంచి అది సుమారు 160 కిలోమీటర్లు, ఆదిలాబాదు నుంచి సుమారు 300 కిలోమీటర్లు. పేదకుటుంబాలకు ఆరోగ్యశ్రీ పథకం కింద రాచపుండు చికిత్సకు సహాయం అందుతున్నది.

ఎముకలో నడిచే కబుర్లన్నింటినీ అడ్డగించే మందు ఇంకా రాలేదు. వచ్చేవరకు, ఆ కబుర్లు ఊపిరితిత్తుల దాకా పోకముందే వ్యాధిని పట్టుకోవడం మన చేతిలో ఉన్నది. అందుకు కావలసిన మొదటి సాధనం, తగ్గని మోకాలి నొప్పికి సకాలంలో తీయించిన ఒక్క ఎక్స్‌రే.